ప్రతినాయకుడి చేత డైరీ రాయించడం ఎలా? కుటుంబం, నీతి, స్వర్గం: కథకులకు సమగ్ర మార్గదర్శి

కథలోనో నవలలోనో ప్రతినాయకుడి సొంత డైరీని పెట్టాలనుకునే కొత్త రచయితలు సాధారణంగా ఒకే చోట చిక్కుకుంటారు. ఆ మనిషి కలం పట్టగానే తన పాపాల చిట్టా విప్పుతాడు, లేదా స్వర్గనరకాల మీద ఉపన్యాసం అందుకుంటాడు. డైరీ రాసుకునేవాడు ఈ రెండు పనులూ చెయ్యడు. తాను చెడ్డవాడినని నమ్మేవాడు డైరీ జోలికే పోడు. రాసుకునేవాడికి తన లెక్క సరిగానే ఉందన్న ధీమా ఉంటుంది. కాబట్టి జరిగినదానికీ అతను రాసినదానికీ మధ్య తేడా ఒకటి ఉండాలి, దాన్ని పాఠకుడు తనంతట తానే పట్టుకోవాలి. కింద చెప్పిన మెట్లన్నీ ఆ తేడాను పకడ్బందీగా కట్టడానికి ఉద్దేశించినవే.

మొదటి నుంచి చివరి వరకు ఒకే ఉదాహరణను వాడుతున్నాను. కాలం 1996 నవంబరు, స్థలం కోనసీమ, మనిషి ఒక వడ్డీ వ్యాపారి. వ్యాపారి కల్పితం. ఆ నవంబరు 6, బుధవారం రాత్రి తీరం దాటి కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన తుపాను మాత్రం నిజం.

1. కలం పట్టకముందు సిద్ధం చేసుకోవలసినవి

కింది ఐదింటికీ మీ దగ్గర రాతపూర్వకంగా సమాధానాలు ఉండాలి. ఒక్కటి లోపించినా మొదలుపెట్టవద్దు.

☐ అతని వృత్తి, ఆ వృత్తిలో డబ్బు కదిలే తీరు
☐ డైరీ జరిగే సంవత్సరం, తేదీలు, వారాలు, పండుగలు
☐ ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, వారిలో ఎవరికి ఎంత తెలుసు
☐ "నేను ఈ పని మాత్రం చెయ్యను" అని అతను చెప్పుకునే రెండు మూడు నియమాలు
☐ ఆ డైరీ ఎలాంటి పుస్తకం, అతను ఏ వేళ రాస్తాడు, ఎక్కడ దాస్తాడు

మొదటి అంశం మీద ఎక్కువ సమయం పెట్టండి. ప్రతినాయకుడి చెడ్డతనం అతని స్వభావంలో కంటే అతని పనిలో స్పష్టంగా కనిపిస్తుంది. వడ్డీ వ్యాపారి క్రూరుడని రాయడం తేలిక, కాని దానివల్ల కథ కదలదు. ప్రామిసరీ నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు దాటితే దానికి కాలదోషం పడుతుందనీ, అంటే కోర్టుకు పనికిరాదనీ, గడువు దాటకముందే ఎంతో కొంత కట్టినట్లు నోటు వెనక చెల్లు రాయించి బాకీదారు సంతకం తీసుకుంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్ల ఆయుష్షు వస్తుందనీ మీకు తెలిస్తే, కథ దానంతట అదే దారి చూపిస్తుంది.

రెండో అంశంలో అశ్రద్ధ చేయకండి. 1996 ఉగాదితో మొదలైంది ధాతు నామ సంవత్సరం. తుపాను తరువాత నాలుగో రోజు, అంటే నవంబరు 10, ఆదివారం, దీపావళి. కప్పు ఎగిరిపోయిన ఇళ్ల మధ్య వచ్చిన దీపావళిని అతను ఎలా నమోదు చేస్తాడన్నది మీరు కల్పించనక్కరలేకుండా క్యాలెండరే ఇచ్చిన సన్నివేశం. ఎదుట ఆ ఏటి క్యాలెండరు పెట్టుకోకుండా రాసిన డైరీలో ఇలాంటివి దొరకవు.

2. ముందుగా నిజాల జాబితా రాయండి

ఈ మెట్టును ఎవరూ వెయ్యరు. నేరుగా డైరీ మొదలుపెడితే రచయితకు కూడా ప్రతినాయకుడికి తెలిసినంతే తెలుస్తుంది. అప్పుడు దాచడానికి ఏమీ మిగలదు. అందుచేత మొదట మరో కాగితం మీద, ఏ అలంకారమూ లేకుండా, పోలీసు పంచనామాలా ఏం జరిగిందో రాయండి. మన ఉదాహరణకు జాబితా ఇది.

1. 1993 నవంబరు 20న గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంకలోని కొబ్బరి రైతు 20,000 రూపాయలు అప్పు తీసుకున్నాడు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ, అంటే నెలకు 600. ఇంతవరకు ఏమీ కట్టలేదు. మూడేళ్లకు వడ్డీయే 21,600 అయింది, అసలును దాటిపోయింది.
2. 1996 నవంబరు 20తో నోటుకు కాలదోషం పడుతుంది.
3. నవంబరు 6 రాత్రి రైతు ఇల్లు కూలింది, తోట పడిపోయింది. కొత్త మొక్క నాటినా కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది.
4. నవంబరు 9న వ్యాపారి పడవ మీద లంకకు వెళ్లి బియ్యమూ, వంద రూపాయలూ ఇచ్చాడు. ఆ వందనే రైతు తనకు కట్టినట్లు నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించాడు. రైతుకు సంతకం చెయ్యడం వచ్చు, చదవడం రాదు.
5. వెంట వెళ్లిన గుమాస్తా ఈ సంగతి వ్యాపారి భార్యకు చెప్పాడు. చెప్పినట్లు వ్యాపారికి తెలియదు.

జాబితా పూర్తయ్యాక ప్రతి అంశం పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: "రాస్తాడు", "వేరేలా రాస్తాడు", "రాయడు". ఐదో అంశం పక్కన "అతనికి తెలియదు" అని రాసుకోండి. కథకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అదే.

3. దాచిన విషయం దొరికే దారి ముందే వేయండి

పాఠకుడికి చెల్లు అంటే ఏమిటో తెలియకపోతే నాలుగో అంశంలోని ద్రోహం అర్థం కాదు. తెలియజేయడానికి వ్యాపారి పాఠం చెప్పకూడదు. తన డైరీలో తనకు తెలిసిన సంగతిని ఎవరూ వివరించుకోరు. అందువల్ల సంఘటనకు ఒకటి రెండు నెలల ముందే వేరే సందర్భంలో, చిరాకు రూపంలో, విషయాన్ని నాటాలి. సెప్టెంబరులో ఇలా రాయిస్తే చాలు (తోటాయన అంటే మన కొబ్బరి రైతే):

"టైలరు నోటు ప్లీడరుగారికి చూపించాను. మూడేళ్లు దాటి పదకొండు రోజులైంది, కోర్టుకు పనికిరాదన్నారు. ఒక్క పది రూపాయల చెల్లు వేయించి ఉంటే బతికేది. తోటాయన నోటు నవంబరు 20. మరిచిపోకూడదు."

ఇప్పుడు తుపాను తరువాతి రోజుల్లోకి రండి.

"9-11-96, శనివారం. కరెంటు లేదు. లాంతరు దగ్గర రాస్తున్నాను. లంకలోకి వెళ్లి బియ్యం పంచి వచ్చాను. తోటాయన ఇల్లు గోడలతో సహా పోయింది. అయిదు కుంచాలు కొలిపించాను. చేతిలో వంద పెట్టాను. కాళ్లకు మొక్కబోతే వారించాను. నోటు పని కూడా అయింది. రేపు దీపావళి, పాపకు మతాబులు ఎక్కడా దొరకలేదు."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. "నోటు పని కూడా అయింది" అన్న నాలుగు మాటలు దానానికీ మతాబులకూ మధ్య ఇరుక్కుని ఉన్నాయి. ఆ "కూడా" దగ్గర ఆగిన పాఠకుడు సెప్టెంబరు పేజీకి వెనక్కి వెళ్తాడు. సాక్ష్యాన్ని డైరీ చివరి జమాఖర్చు పేజీలో పెట్టండి: ఖర్చు వైపు "లంక, ధర్మం 100", జమ వైపు అదే తేదీన "తోట నోటు చెల్లు 100". రెండు వరుసలనూ ఒకే పేజీలో ఎదురెదురుగా వేసి, వాటి గురించి ఎక్కడా ఒక్క మాట కూడా రాయించకండి.

4. కుటుంబం: ప్రేమ నిజమైనదై ఉండాలి

ప్రతినాయకుడు ఇంట్లో కూడా రాక్షసుడే అయితే డైరీ అవసరమే లేదు. కూతురు మీద అతని ప్రేమను మీరు శంకించకుండా రాయండి. తుపాను రాత్రి పెంకులు లేచిపోతుంటే పిల్లను రోలు పక్కన కూర్చోబెట్టి తన శరీరాన్ని అడ్డుపెట్టినవాడు ఇతనే కావచ్చు. అదే చేతులతో మూడు రోజుల తరువాత చెల్లు రాయించాడన్న పోలికను మాత్రం రచయిత గీసి చూపించకూడదు. ఆ రెండు పేజీలనూ పక్కపక్కన ఉంచితే చాలు.

ఇంట్లోవారు అతని గురించి ఏమనుకుంటున్నారో అతనికి తెలియదు, కాని వారు చేసే పనులు మాత్రం అతనికి కనిపిస్తాయి. చూసిన పనిని నమోదు చేస్తాడు, అర్థం చేసుకోడు. భార్యకు విషయం తెలుసునన్న ఐదో అంశాన్ని ఇలా బయటపెట్టవచ్చు:

"12-11-96. బియ్యం డబ్బా అడుగంటింది. మొన్ననే నింపాం. అడిగితే, తుపాను కదండీ అంది. ఈ మధ్య భోజనం దగ్గర కూర్చోవడం లేదు. ఉపవాసాలు ఎక్కువయ్యాయి, కార్తికం కదా."

కొడుకు కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్నాడనుకుందాం. అతను తండ్రిని నిలదీస్తూ నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని డైరీలో ఎత్తి రాయించడం పెద్ద పొరపాటు. "అబ్బాయి ఉత్తరం వచ్చింది. ఫీజు సంగతి రాశాడు. మిగతాదంతా చిన్నతనం" అని రాయిస్తే, ఆ మిగతాదంతా పాఠకుడే పూరించుకుంటాడు.

పిలుపుల విషయంలో జాగ్రత్త అవసరం. ఆ తరం మనిషి డైరీలో భార్య పేరు రాయడు. "ఇంట్లో అడిగింది", "అబ్బాయి తల్లికి నలతగా ఉంది" అంటాడు. బాకీదారులకూ పేర్లుండవు: తోటాయన, టైలరు, పాలకేంద్రం ఆవిడ. ఈ అలవాటును మొదటి నుంచి కచ్చితంగా పాటిస్తే ఒక లాభం ఉంది. ఎప్పుడో ఒకసారి అతను ఒక బాకీదారుణ్ణి సొంత పేరుతో రాసినప్పుడు, ఆ రోజు అతనికి నిద్ర పట్టలేదని మీరు వేరే చెప్పనక్కరలేదు.

5. నీతి: అతని నియమాలను గౌరవించండి, తరువాత అతని చేతనే దాటించండి

ప్రతినాయకుడికి నీతి లేదనుకోవడం సరికాదు. అతనికి కొన్ని నియమాలున్నాయి, వాటిని నిష్ఠగా పాటిస్తాడు, పాటించనివారిని చూసి అసహ్యించుకుంటాడు. మన వ్యాపారికి మూడు పెడదాం: మంగళసూత్రం తాకట్టు పట్టడు, చక్రవడ్డీ వెయ్యడు, శుక్రవారం వసూలుకు వెళ్లడు. మొదటి సగంలో వీటివల్ల అతనికి నిజంగా నష్టం జరిగిన సందర్భాలు రెండైనా చూపించండి. అప్పుడే పాఠకుడు అతన్ని కొంత నమ్ముతాడు.

ఆ తరువాత నియమం తెగాలి, తెగినట్లు అతనికి తెలియకూడదు. డిసెంబరు 20 నాటికి ముప్పై ఏడు నెలల వడ్డీ 22,200. అసలు కలిపి 42,200, చెల్లు వంద తీసేస్తే 42,100. ఆ మొత్తానికి కొత్త నోటు రాయించుకుంటే ఇకనుంచి నెలకు 1,263 రూపాయల వడ్డీ నడుస్తుంది. వడ్డీ మీద వడ్డీ పడిందన్నమాటే, కాని అతని భాషలో దాని పేరు వేరు.

"20-12-96, శుక్రవారం. తోటాయన నోటు తిరగరాయించాను. పాత లెక్కల గందరగోళం పోయింది, అతనికీ సుఖం. నేను వెళ్లలేదు, కబురు చేస్తే అతనే వచ్చాడు."

ఒకే పేజీలో రెండు నియమాలు పోయాయి. ఒకటి అంకెల్లో, రెండోది తేదీ పక్కనున్న వారంలో. ఇలాంటి చోట లెక్క తప్పితే మొత్తం నిర్మాణం కూలుతుంది కనుక అంకెలను మరొకరి చేత సరిచూపించుకోండి.

6. స్వర్గం: సిద్ధాంతం వద్దు, పని చూపించండి

ఎక్కువ డైరీలు చెడిపోయేది ఇక్కడే. "స్వర్గం ఎక్కడుంది? మన మనసులోనే" అన్న ధోరణిలో ఒక పేజీ రాయగానే ప్రతినాయకుడు మాయమై రచయిత దిగుతాడు. వడ్డీ వ్యాపారికి స్వర్గం గురించి అభిప్రాయాలుండవు, ఏర్పాట్లుంటాయి. గుడిలో పరిపించిన చలవరాయి మీద తన పేరు ఎంత పెద్దగా చెక్కారు, అంతర్వేది తీర్థానికి అన్నదానం ఎంతయింది, తండ్రి తద్దినానికి గోదానం బదులు ఎంత రొక్కం ఇస్తే సరిపోతుంది, వైతరణి దాటించడానికి ఆ రొక్కం పనికొస్తుందా రాదా, ఇవే అతని ఆధ్యాత్మిక చింతన.

అతను తనను సమర్థించుకోవడానికి వాడే సామగ్రి అతని చుట్టూ ఉన్నదే కావాలి. తెలుగు వడ్డీ వ్యాపారికి ఆ విషయంలో కొరత లేదు. ఊళ్లో ఉండవలసినవారిని లెక్కపెట్టిన సుమతీ శతక పద్యం అప్పిచ్చువాడితోనే మొదలవుతుంది, వైద్యుడు కూడా ఆ తరువాతే. కుబేరుడి దగ్గర పెళ్లికి అప్పుచేసి నేటికీ వడ్డీ కడుతున్నాడని భక్తులు చెప్పుకునే స్వామికి వడ్డికాసులవాడని పేరే ఉంది. కొడుకును "నారాయణా" అని పిలిచి యమభటుల నుంచి తప్పించుకున్న అజామిళుడి కథ విన్నవాడు తన కొడుక్కి ఏ పేరు పెట్టుకుంటాడో ఆలోచించండి. ఇవన్నీ ఒకే డైరీలో కుక్కవద్దు. ఒకటి ఎంచుకోండి, దాన్ని సగమే వినిపించండి.

సగం వినిపించడం అంటే ఏమిటో చూడండి. భారతం చివరి పర్వంలో ధర్మరాజు స్వర్గానికి వెళ్లేసరికి అక్కడ దుర్యోధనుడు వైభవంగా కూర్చుని ఉంటాడు. తన తమ్ముళ్లు, ద్రౌపది నరకంలో కనిపిస్తారు. పాపం ఎక్కువ ఉన్నవాడికి ముందు స్వర్గం, తరువాత నరకం. పుణ్యం ఎక్కువ ఉన్నవాడికి ముందు నరకం, తరువాత స్వర్గం అని ఇంద్రుడు ఆ పిమ్మట చెబుతాడు. మన వ్యాపారిని ఆ పురాణానికి పంపి, మధ్యలోనే లేచి వచ్చేలా చెయ్యండి.

"శాస్త్రిగారు స్వర్గారోహణం చెప్పారు. దుర్యోధనుడంతటివాడు కూడా స్వర్గంలో ఉన్నాడట, ధర్మరాజు కళ్లారా చూశాడట. మనసు తేలికపడింది. పడవ ఆఖరి ట్రిప్పు పోతుందని ముందే లేచి వచ్చేశాను."

తరువాత ఇంద్రుడు చెప్పిన మాట తెలిసిన పాఠకుడికి ఇంకేమీ అక్కరలేదు. తెలియని పాఠకుడి కోసం రెండు మూడు పేజీల తరువాత భార్య చేత ఒక్క ప్రశ్న వేయించండి: "ఇంట్లో అడిగింది, ఇంద్రుడు ఏమన్నాడో విన్నారా అని. లేదన్నాను. సరే అంది." కుటుంబం, నీతి, స్వర్గం మూడూ కలిసే చోటు ఇలాంటిదే. డైరీ మొత్తానికి ఇలాంటి సందర్భం ఒక్కటి చాలు.

అతనికి భయం ఉండవచ్చు, ఉండాలి. కాని నరకపు నూనె కాగులు అతన్ని భయపెట్టవు. తాను వెళ్లే చోటికి భార్యాబిడ్డలు రాకపోతే ఎలాగన్న బెంగ వస్తే అది అతనికి సహజంగా అతుకుతుంది. దాన్ని కూడా ఏర్పాటు రూపంలోనే చెప్పించండి: చలవరాయి మీద తన పేరు పక్కన భార్య పేరు కూడా చెక్కించమని కబురు పంపాడు, ఆవిడ వద్దంది.

7. డైరీ డైరీలా కనిపించాలంటే

నిడివి సమానంగా ఉండకూడదు. తుపాను రోజుకు రెండు వాక్యాలు, ఏదో పాత తగాదాకు ఒకటిన్నర పేజీ ఉండవచ్చు. కొన్ని రోజులు ఖాళీ వదిలేయండి. సంభాషణలను నాటకంలా ఎత్తి రాయించకండి. "అన్నాడు, అన్నాను" అన్న సారాంశం చాలు. కర్తలు రాలిపోనివ్వండి, ఉపమానాలు తీసెయ్యండి. అతనికి కవిత్వం రాదు, వచ్చినా వడ్డీ పద్దుల పక్కన రాసుకోడు.

8. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

పొరపాటు: "నేను పాపిని" అన్న ఒప్పుకోలు. సవరణ: ఆ వాక్యాన్ని కొట్టేసి, దాని స్థానంలో ఆ రోజు అతను ఎవరికో అనవసరంగా ఇచ్చిన డబ్బు మొత్తాన్ని రాయండి.

పొరపాటు: చిన్నప్పటి పేదరికంతో అంతటికీ కారణం చెప్పడం. సవరణ: బాల్యం కావాలంటే ఒకే ఒక్కసారి, అదీ అతను గొప్పగా చెప్పుకునే సంఘటన ద్వారా తీసుకురండి. సానుభూతి కోసం రాసిన బాల్యం పేజీలు నూటికి తొంభైపాళ్లు తొలగించదగినవేనని నా అభిప్రాయం.

పొరపాటు: డైరీలో పాఠకుడికి పరిచయాలు చేయడం, "నా పెద్ద కుమారుడైన ఫలానావాడు" అంటూ. సవరణ: బంధుత్వం పనిలో తెలియాలి. ఫీజు ఎవరు కడుతున్నారో తెలిస్తే తండ్రి ఎవరో తెలుస్తుంది.

పొరపాటు: చివర్లో హఠాత్తుగా వచ్చే పశ్చాత్తాపం. దీనికి సవరణ లేదు, తీసెయ్యడమే. పశ్చాత్తాపం తప్పనిసరిగా కావాలనుకుంటే జమాఖర్చు పేజీలో ఒక పద్దు కొట్టేసి ఉన్నట్లు చూపించి ఊరుకోండి.

పొరపాటు: బాకీదారు పూర్తిగా అమాయకుడు కావడం. సవరణ: రైతుకు ఒక లోపం ఇవ్వండి. సంత డబ్బు పేకాటలో పోగొట్టినవాడో, మాట తప్పేవాడో కావచ్చు. అప్పుడే వ్యాపారి నీతికి పట్టు దొరుకుతుంది, పాఠకుడికి చిక్కు వస్తుంది.

9. రెండో ప్రతికి ముందు సరిచూసుకోవలసినవి

☐ నిజాల జాబితాలో "రాయడు" అని గుర్తుపెట్టిన ప్రతి అంశానికీ డైరీలో ఎక్కడో ఒక ఆనవాలు ఉందా?
☐ ప్రతి ఆనవాలుకు ముందుగా నాటిన విత్తనం ఉందా?
☐ తేదీలకూ వారాలకూ పొంతన ఉందా? వడ్డీ లెక్కలు సరిపోయాయా?
☐ మంచి, చెడు, పాపం, ధర్మం అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయి? సగం కొట్టేయగలరా?
☐ అతను ప్రేమించే మనిషి గురించిన ఒక్క పేజీ అయినా కల్తీ లేకుండా ఉందా?

10. ఎక్కడ ఆపాలి

అతని చావుతో డైరీ ముగించవద్దు. ఊపిరి పోతూ ఎవరూ తేదీ వేసి రాయరు. శిక్షతోనూ ముగించవద్దు, ఎందుకంటే దాన్ని అతను శిక్షగా గుర్తించడు. మరుసటి రోజు చేయవలసిన పనులతో ఆపండి: ఫలానా నోటు గడువు, చలవరాయి చెక్కేవాడికి ఇవ్వవలసిన బాకీ, పాపకు కొత్త చెప్పులు. డైరీ ఎవరి చేతికో చిక్కడం మీ కథకు అవసరమైతే దానిని వేరే అధ్యాయంలో, వేరే గొంతుతో, ప్రథమ పురుషలో, అంటే "అతను", "ఆమె" అంటూ రాసుకోండి. డైరీ లోపల ఆ సూచన కూడా రానివ్వవద్దు.